బయటి గోడకు నాలుగు చిల్లులు

"బయటే పెట్టానమ్మా! ఇంకెన్నిసార్లు చెప్పాలి? వెనక వసారాలో, బయటి గోడకే బిగించాను. అది బాత్రూంలోకి ఎలా వచ్చిందని నన్నడిగితే నేనేం చెప్పను? నడిచొచ్చిందేమో!"

లాకప్ ఊచలు పట్టుకుని ప్లంబింగ్ మేస్త్రీ నా మీద అరిచాడు. అరవనీ అనుకున్నాను. రెండు రోజులుగా ఆ గదిలో పడి ఉన్నవాడు నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడితేనే నాకు అనుమానం వచ్చేది. నా ప్రైవేటు డిటెక్టివ్ వృత్తిలో తీపి మాటలవాళ్లే నన్ను ఎక్కువసార్లు ముంచారు.

కేసు చిన్నదే, కానీ మనిషి ప్రాణం పోయింది. ఒక ఇంట్లో పాత కరెంటు గీజరు అడుగంతా తుప్పుపట్టి కారడం మొదలుపెట్టింది. ఆ ఇంటాయన దాన్ని తీయించి గ్యాసు గీజరు కొన్నాడు. ఈ మేస్త్రీ వెళ్లి బిగించి వచ్చాడు. రెండు వారాలు తిరక్కుండా ఇంటాయన స్నానాల గదిలో కూలబడి చనిపోయాడు. తలుపు పగలగొట్టేసరికి గోడ మీద గీజరు ఇంకా మండుతూనే ఉంది. కార్బన్ మోనాక్సైడ్ అన్నాడు డాక్టరు. గాలి ఆడని గదిలో గ్యాసు మండితే పుట్టే విషం. దానికి రంగుండదు, వాసనుండదు, దగ్గు కూడా రానివ్వదు.

గ్యాసు గీజరు బాత్రూం లోపల పెట్టడం నేరంతో సమానమని, పెట్టింది మేస్త్రీయేనని పోలీసులు వాణ్ని పట్టుకొచ్చారు. అరెస్టు నిన్ననే అయినట్టు కాగితాల్లో రాసుకున్నారు, సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఈలోగా నేనేమైనా తేల్చకపోతే వాడు జైలుకు వెళ్లడం ఖాయం.

"బిగించాక వాళ్లకేం చెప్పావు?" అన్నాను.

"అందరికీ చెప్పేదే. గీజరు బయటే ఉండాలి. బాత్రూం వెంటిలేటరు ఎప్పుడూ మూయకూడదు. వేణ్ణీళ్లు బకెట్లోకి పట్టుకుని, గీజరు ఆపేసి, అప్పుడు స్నానం చెయ్యాలి. మండుతూ ఉండగా గంటలు గంటలు షవరు కింద నిలబడొద్దు. ఇంటాయన బుద్ధిగా విన్నాడు. మర్నాడు ఇంటావిడే ఫోన్ చేసి అడిగింది, గాలికి మంట ఆరిపోతోంది, మధ్యలో చన్నీళ్లు వస్తున్నాయి, ఏం చెయ్యాలని."

"నువ్వేమన్నావు?"

వాడి గొంతు తగ్గింది. "గాలికి అడ్డంగా రేకు ముక్క కొట్టాలన్నాను. రేపొచ్చి కొడతానన్నాను."

"వెళ్లావా?"

ఊచ మీది తుప్పు గోటితో గీకాడు. మేస్త్రీల 'రేపు' సంగతి నాకు తెలుసు. మా ఇంటి సింకు కింద ఒక 'రేపు' ఆర్నెల్లుగా కారుతోంది.

"సరే, బయటే పెట్టావని రుజువేంటి?"

"గోడకు నాలుగు చిల్లులు పెట్టి బోల్టులు దించానమ్మా. గీజరు తీసేసినా చిల్లులు ఎక్కడికి పోతాయి? వెళ్లి చూడండి."

"ఇన్‌స్పెక్టర్ పొద్దున వెళ్లి చూశాడట. గోడ అద్దంలా ఉందట. ఒక్క చిల్లు కూడా లేదట."

మేస్త్రీ ఊచలు వదిలేశాడు. అంతవరకూ నాతో పోట్లాడినవాడు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. అబద్ధం దొరికిపోయినవాడు ఇంకో అబద్ధం వెతుక్కుంటాడు. వీడు వెతుక్కోలేదు. నిజం చెప్పినవాడికి నిజమే ఎదురు తిరిగితే మొహం ఎలా ఉంటుందో అలా ఉంది వాడి మొహం. నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

బయట బెంచీ మీద వాడి అక్క కూర్చుని ఉంది. బట్టలు కుట్టి తమ్ముణ్ని పెంచిన మనిషి. నన్ను ఈ కేసులోకి లాగింది ఆవిడే.

"జైలు సంగతి తర్వాతండీ," అంది. "మనిషిని చంపిన మేస్త్రీ అని ఒకసారి పేరు పడితే ఇంకెవరింటి గడపా తొక్కనివ్వరు. వాడికి ఆ పని తప్ప ఇంకోటి రాదు."

ఏడుస్తూ చెప్పి ఉంటే ఓదార్చి పంపేదాన్ని. ఏడవకుండా చెప్పింది. అది తట్టుకోవడం కష్టం.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు వదినా?"

వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు. కేసు చూస్తున్నది మా ఆయన తమ్ముడే. మా ఇంటికొస్తే వదిన పెట్టింది ఏదైనా తింటాడు, స్టేషన్లో వదిన చెప్పింది మాత్రం మింగుడు పడదు. నేను తేల్చిన కేసులు మూడు తన పేరు మీద పత్రికల్లో వచ్చాయి. ఆ మూడింటికీ అతనికి నా మీద కోపమే.

"నువ్వు కోసిన కంద సరిగ్గా లేదయ్యా, అందుకే కత్తిపీటకు దురద," అన్నాను. "ఆ ఇల్లు ఒకసారి చూపించు."

"చూడ్డానికేముంది? గీజరు లోపలుంది. బిగించింది వాడు. మనిషి పోయాడు. సాయంత్రానికి ఒప్పుకుంటాడు."

"ఒప్పుకుంటాడా, ఒప్పిస్తావా?"

మొహం గంటు పెట్టుకున్నాడు. కానీ జీపు ఎక్కమన్నాడు. వద్దంటే రాత్రి అన్నయ్య దగ్గర పంచాయితీ అవుతుందని భయం.

స్నానాల గదికి వేసిన సీలు తీసి లోపలికి నడిచాం. ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలేంత గది. ఎదురు గోడకు తెల్ల గీజరు. దాని గ్యాసు గొట్టం పైనున్న వెంటిలేటరు సందులోంచి వసారాలో ఉన్న సిలిండరుకు పోతోంది.

"చూశావుగా వదినా. లోపలే."

నేను గీజర్ని చూడలేదు. కుళాయి పక్కన గోడలోంచి బెత్తెడు పైపు బయటికి పొడుచుకొచ్చి ఉంది. చివర మూత బిగించి ఉంది. మూత కొత్తది, నిగనిగలాడుతోంది.

"ఇదేంటి?"

"పాత గీజర్ పైపేమో."

"పాత గీజరు ఇక్కడ, తలుపు మీద ఉండేది. గోడ మీద దాని మచ్చ కూడా ఉంది. దాని పైపు పై నుంచి దిగాలి. ఇది వెనక గోడలోంచి వస్తోంది. గోడకు అవతల ఏముంది?"

"వసారా."

"వసారాలోంచి బాత్రూంలోకి నీళ్ల పైపు ఎందుకయ్యా వస్తుంది? అవతల గీజరు ఉంటేనే వస్తుంది."

మరిది టోపీ తీసి తల గోక్కున్నాడు. నేను బకెట్టు బోర్లించి, మోకాళ్లను తిట్టుకుంటూ దానిమీదికి ఎక్కాను. వెంటిలేటరు చట్రం చుట్టూ వేలు పెట్టి తడిమాను. నాలుగు పక్కలా జిగురు. వేలు అంటుకుని ఊడింది.

"దీనికేదో అంటించి, తర్వాత పీకేశారు."

"పాత పోస్టరేమో."

"బాత్రూం కిటికీకి పోస్టరా? ఏ సినిమాదేంటి?"

కానిస్టేబులు నవ్వబోయి, ఇన్‌స్పెక్టర్ మొహం చూసి మానుకున్నాడు.

వసారాలోకి వెళ్లాం. గోడ నిజంగానే అద్దంలా ఉంది. లేతరంగు సున్నం, మచ్చ లేదు, మరక లేదు. కళ్లతో చూస్తే నేనూ ఒప్పుకునేదాన్నే. అందుకే కళ్లు మూసుకుని అరచేత్తో నిమురుకుంటూ వెళ్లాను. గరుకు, గరుకు, గరుకు... ఒకచోట నున్నగా తగిలింది. జడలోంచి పిన్ను తీసి అక్కడ గుచ్చాను. గోడలోకి గుచ్చినట్టు లేదు, పిండిముద్దలోకి గుచ్చినట్టు దిగింది. లోపల బోల్టు కోసం పెట్టిన ప్లాస్టిక్ గొట్టం పిన్నుకు తగిలింది. జానెడు దూరంలో ఇంకోటి. వాటి కింద రెండు.

"లెక్కపెట్టుకో," అన్నాను. "నాలుగు. మేస్త్రీ చెప్పినన్నే."

"అయితే వాడే మొదట బయట పెట్టి, తర్వాత లోపలికి మార్చి, చిల్లులు పూడ్చి ఉంటాడు," అన్నాడు మరిది. ఓటమి ఒప్పుకోవడం వాళ్ల ఇంటావంటా లేదు.

"పుట్టీ ఇంకా పచ్చిగా ఉంది. నిన్న పూసిందో, నిన్న రాత్రి పూసిందో. మేస్త్రీ రెండు రోజులుగా నీ దగ్గరే ఉన్నాడు కదా. లాకప్ ఊచల్లోంచి చెయ్యి చాపి పూశాడా?"

అతను కూడా గోడ మీద వేలు పెట్టి నొక్కి చూశాడు.

"బాత్రూంకి సీలు వేసి వసారాను గాలికి వదిలేశావు. ఎవరో నింపాదిగా వచ్చి, సాక్ష్యానికి సున్నం కొట్టి పోయారు."

"ఎవరో అంటే?"

"ఇంట్లోకి రానిచ్చినవాళ్లను అడుగుదాం."

ఇంటాయన భార్య లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇద్దరు ఆడపిల్లలు ఆవిడ ఒళ్లో చెరోవైపు తల పెట్టుకుని నిద్రపోతున్నారు. చుట్టాలను బయటికి పంపించి ఎదురుగా కూర్చున్నాను.

"నిన్న మీ ఇంటికి ఎవరెవరు వచ్చారమ్మా?"

"చుట్టాలు. ఇరుగుపొరుగు."

"వాళ్లలో పుట్టీ డబ్బా పట్టుకొచ్చిన చుట్టం ఎవరు?"

చెయ్యి గబుక్కున పిల్ల తల మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటారే, అది కళ్లారా చూశాను. కానీ ఆ చెయ్యి పిల్ల చెవిని కప్పింది. దొంగ చెయ్యి ఆ పని చెయ్యదు. అది భయపడ్డ తల్లి చెయ్యి.

"అమ్మా, నేను పోలీసును కాను. అక్కడ లాకప్‌లో ఒకడు చెయ్యని తప్పుకు కూర్చున్నాడు. వాడికీ ఒక అక్క ఉంది. పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టకుండా స్టేషన్ బెంచీ మీదే ఉంది. గీజర్ని లోపలికి మార్చింది ఎవరు?"

గుమ్మంలో మరిది అసహనంగా కదిలాడు. కంటితోనే ఆగమన్నాను.

"నేనే మార్పించాను," అంది చివరికి. "ఒంటికి సబ్బు రాసుకున్నాక మంట ఆరిపోయేది. చిన్నదానికి జలుబు. మేస్త్రీకి రోజూ ఫోన్ చేశాను, రేపంటాడు, రేపంటాడు. చివరికి గీజరు కొన్న కొట్టుకి చేశాను. ఎర్ర టోపీ పెట్టుకుని ఒకతను వచ్చాడు. బయట పెడితే ఈ గొడవ తప్పదక్కా, లోపల పెట్టేస్తాను, హాయిగా ఉంటుంది, మా కొట్టులో అందరికీ ఇలాగే చేస్తున్నాం, ఫిర్యాదులు రాకూడదని మా ఓనరు చెప్పాడు అన్నాడు. వెంటిలేటర్లోంచి గాలొస్తే మళ్లీ ఆరిపోతుందని ప్లాస్టిక్ కాగితం కూడా అంటించాడు. డబ్బులు కూడా తీసుకోలేదు."

"మీ ఆయన?"

"ఊళ్లో లేరు. ఉంటే ఒప్పుకునేవారు కాదు. మేస్త్రీ వద్దన్నాడు కదా అనేవారు." ఆవిడ పిల్ల మీద చీర కొంగు కప్పింది. "మొన్న తెల్లారి ప్రయాణం చేసి వచ్చారు. చూసి కేకలేశారు. ఇవాళే మేస్త్రీని పిలిచి మళ్లీ బయట పెట్టిస్తాను అన్నారు. ఒళ్లంతా నొప్పులుగా ఉందంటే నేనే... ఈ ఒక్కసారికి కానివ్వండి, వేణ్ణీళ్లు బాగా వస్తున్నాయి అని నేనే తువ్వాలు తీసి చేతికిచ్చానండీ."

కోపం తెచ్చుకోవాలనే వచ్చాను. రాలేదు. జాలి వేసింది. వెంటనే ఊచలు వదిలేసి కూలబడ్డ మేస్త్రీ గుర్తొచ్చాడు. అప్పుడు వచ్చింది కోపం.

"అవతలివాణ్ని తీసుకుపోతుంటే ఎలా ఊరుకున్నావమ్మా?"

"ఆ టోపీ అతను నిన్న మళ్లీ వచ్చాడండీ. మార్చమన్నది మీరే కదా, నోరు విప్పితే మొదట లోపలికెళ్లేది మీరే, పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నాడు. కాగితం పీకేసి, గోడకేదో పూసి పోయాడు. వీళ్లకిప్పుడు నేను తప్ప ఎవరున్నారండీ?"

తిలాపాపం తలా పిడికెడు. మేస్త్రీ బద్ధకం కొంత, ఈవిడ తొందర కొంత. కానీ తెలిసి తెలిసి గాలి దారి మూసినవాడు, మనిషి పోయాక సాక్ష్యం కూడా మూసినవాడు వేరే ఉన్నాడు.

"ఈ మాటలన్నీ మేజిస్ట్రేటు ముందు చెప్తావా? నీ పక్కన నేను నిలబడతాను. నిన్నెవరూ లోపల వెయ్యరు. ఆ పూచీ నాది."

పిల్లల వంక చూసింది. నా వంక చూసింది. తల ఊపింది.

నేను గర్వంగా గుమ్మం వైపు తిరిగాను. అబద్ధమెందుకు, మరిది మొహం చూడాలని సరదా పడ్డాను. "విన్నావుగా? మేస్త్రీని వదిలి ఎర్ర టోపీని పట్టుకో. ఆ కొట్టు ఓనర్ని కూడా."

మరిది సరేనన్నట్టు జేబులోంచి పెన్ను తీశాడు. ఆవిణ్ని మెత్తగానే అడిగాడు. "మార్చినప్పటి నుంచీ మీకెవరికీ ఏమీ అనిపించలేదా అమ్మా? మీరూ పిల్లలూ అందులోనే స్నానం చేశారు కదా?"

"బకెట్లో పట్టుకుని గబగబా పోసుకుని వచ్చేసేవాళ్లం. కానీ అందరికీ తలనొప్పి. పిల్లలు కూడా తల పట్టుకునేవాళ్లు. కడుపులో తిప్పేది. పైత్యమేమో అనుకున్నాను."

రాస్తున్న పెన్ను ఆగింది.

"తలనొప్పా?" అన్నాడు మరిది.

"అవునండీ. బయటికొచ్చి కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది."

అతను నా వైపు తిరిగాడు. పదిహేనేళ్లుగా చూస్తున్నాను అతన్ని. నా ముందు బింకం లేకుండా నిలబడటం అదే మొదటిసారి.

"వదినా, దానికి కూడా వారం నుంచీ తలనొప్పి."

'అది' అంటే అతని భార్య. నా తోడికోడలు.

"మీ గీజరు ఎక్కడిది?"

"ఈ కొట్టుదే. ఊరంతా అక్కడే కొంటున్నారు కదా."

"అది కాదు. ఇంట్లో ఎక్కడుంది? లోపలా, బయటా?"

"బయటే... వంటింటి వెనక..." మాట మధ్యలో మింగేశాడు. "పోయిన వారం ఏదో చెప్పింది. కొట్టు మనిషి వచ్చాడు, బాగు చేసిపోయాడు, ఇప్పుడు నీళ్లు పొగలు కక్కుతున్నాయి అంది. నేను సరిగ్గా వినలేదు వదినా. నేను తెల్లారకుండా చన్నీళ్లు పోసుకుని పోతాను. నాకు తెలీదు. నా ఇంట్లో గీజరు ఎక్కడుందో నాకు తెలీదు."

నేను అప్పటికే ఫోన్ చేస్తున్నాను. తోడికోడలి ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఈసారి వాళ్లింట్లోనే ఉండే మా అత్తగారు ఎత్తింది.

"ఎవరూ? పెద్దదానివా?"

"అత్తయ్యా, చిన్నదేది?"

"స్నానానికెళ్లిందే. ఇవాళ తలంటుకుంటానంది. వెళ్లి ఎంతసేపయిందో! దానికి తోడు ఆ కుర్రాడు గీజరు లోపల పెట్టి పోయాడుగా, ఇంక వేణ్ణీళ్లు తరగవు, అది బయటికి రాదు."

"అత్తయ్యా, నా మాట వినండి. ముందు వంటింటి వెనక సిలిండరు కట్టెయ్యండి. తర్వాత దాన్ని పిలవండి. తలుపు గట్టిగా కొట్టండి. పక్కింటివాళ్లను కేకెయ్యండి."

"ఏమైందే?"

"కట్టెయ్యండి అత్తయ్యా!"

నా అరుపుకు ఆవిడ ఒళ్లో పిల్లలు ఉలిక్కిపడి లేచారు. ఫోన్లో చెప్పుల చప్పుడు, ఏదో గిన్నె దొర్లిన చప్పుడు, ఆ తర్వాత తలుపు మీద అరచేత్తో బాదుతున్న చప్పుడు. అత్తగారు తోడికోడలిని పేరు పెట్టి పిలుస్తోంది. ఒకసారి, రెండోసారి, తర్వాత ఆపకుండా.

"నీళ్లు పడుతున్న చప్పుడు వస్తోందే," అంది ఆయాసపడుతూ. "అది పలకట్లేదే, పెద్దదానా!"

మరిది నా చేతిలో ఫోను లాక్కున్నాడు. "అమ్మా, తలుపు పగలగొట్టు!" అని అరుస్తూ జీపు వైపు పరుగెత్తాడు. డెబ్బై దాటిన మనిషితో ఆ మాట అంటున్నానన్న స్పృహ కూడా అతనికి లేదు.